శబ్దం తీసీసి సూడు

మా వయొలిన్ మేష్టారు పోయారన్న కబురు పాత విద్యార్థుల ఫోన్ గ్రూపులో వీడియోగా వచ్చింది. ఆయన ఫొటోలు, వెనక ఎవరో అతికించిన ఏడుపు సంగీతం. చిరాకేసింది. మధ్యలోనే ఆపేసి వాళ్ళింటికి బయలుదేరాను.

నా ఉద్యోగం సంగతి చెప్పాలి. జనాన్ని హింసకు ఉసిగొల్పే తెలుగు వీడియోలు చూసి తీసేయించడం నా పని. విజయనగరంలో ఇంట్లోనే కూర్చుని చేస్తాను. పొద్దున్న ఒకటి తీయిస్తే సాయంత్రానికి అదే ఇంకో పేరుతో వస్తుంది. విసుగొచ్చేసింది. అయినా వాటిని ఎలా చూడాలో నేర్పింది మాత్రం మేష్టారే.

ఆయనది కళింగపట్నం వైపు. ఎంత సంగీతం చదివినా ఆ యాస పోలేదు. శ్రుతి చేసేటప్పుడు మండుటెండల్లోనైనా ఫ్యాన్ కట్టేయించేవారు. ఆ చప్పుడులో తీగ ఏమంటోందో తెలియదట. మేం చెమటలు కక్కుతూ లోపల తిట్టుకునేవాళ్ళం.

డిగ్రీలో ఉండగా నేను ఫోన్‌లో వేరే గ్రూపు ఒకదానిలో చేరాను. మొదట్లో అంతా ఓదార్పే. మనవాళ్ళకు అన్యాయం జరుగుతోందనీ, నా బాధ తమకు తెలుసనీ అనేవారు. తర్వాత వీడియోలు మొదలయ్యాయి. ఆ తర్వాత ‘వాళ్ళ’ ఇళ్ళెక్కడో చెప్పమన్నారు, బుద్ధి చెప్పాలట. మా వీధి చివర దర్జీ ఉండేవాడు. నా వయొలిన్‌కు గుడ్డసంచి కుట్టిచ్చిన మనిషి. ఆయన పేరూ, వీధీ టైప్ చేశాను. పంపబోయే ముందు, మేష్టారికీ కోపం రావాలని ఆ వీడియో చూపించాను. టైప్ చేసిందీ చూపించాను.

ఆయన కళ్ళు మూసుకుని విన్నారు.

“ముందు ఏడిపిస్తన్నాది. ఆనక తాళం పెంచుతన్నాది. శబ్దం తీసీసి సూడమ్మా.”

తీసేసి చూశాను. ఏదో రోడ్డు, పరిగెడుతున్న జనం. ఏ ఊరో, ఎవరు ఎవర్ని కొట్టారో అందులో లేనే లేదు.

“మనోళ్ళు మనోళ్ళంటన్నావు. అందులో ఆ దర్జీ లేడా?”

ఫ్యాన్ కట్టేయమని వయొలిన్ తీశారు. నేను ఒక్కో అక్షరం చెరిపేశాను.

ఆ సంగతి దర్జీకి ఇప్పటికీ తెలియదు. ఇవాళ మేష్టారిని శ్మశానానికి తీసుకెళ్తుంటే నా పక్కనే నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు. సిగ్గుతో దర్జీ వంక చూడలేకపోయాను.

ఇంటికొచ్చి పాత విద్యార్థుల గ్రూపులోని వీడియో మళ్ళీ తెరిచాను. ముందు శబ్దం తీసేశాను. ఫొటోలన్నీ అయ్యాక చివర్లో చిన్న ముక్క ఉంది. మేష్టారు తీగ బిగిస్తూ, చెవి వంచి వింటున్నారు. ఆయన తలపైన ఫ్యాన్ ఆగి ఉంది.