ఇంజిను చల్లారేదాకా

రోజూ పొద్దున మా వీధిలోకి పాలవ్యాను వచ్చి ఆగుతుంది. డ్రైవరు తాళం తిప్పి దిగిపోయాక దాని ముందు భాగంలోంచి టిక్కు, టిక్కుమని చప్పుడు వస్తుంది. కాగిన ఇనుము చల్లారుతూ చేసే చప్పుడు. మొదట వెంటవెంటనే, తర్వాత ఆగి ఆగి, ఇక రాదేమో అనుకున్నాక ఆఖరిగా ఒక్కటి. వీధిలో ఎవరూ దాన్ని పట్టించుకోరు. నాకు మాత్రం పొయ్యి మీద పాలున్నా చెవులు అటే పోతాయి. ఆ చప్పుడు వినడం దావీదన్న నేర్పాడు.

మార్కాపురం నుంచి తర్లుపాడు మీదుగా పల్లెలకు వెళ్లే బస్సుకు ఆయన డ్రైవరు, నేను కండక్టరును. ఆయనది బేస్తవారిపేట దగ్గర పల్లె, కూలి చేసుకు బతికిన కుటుంబం. నేను ఆ దారిలో మొదటి ఆడ కండక్టరును. ఆడమనిషికి ఉద్యోగమిచ్చింది సీట్లో కూర్చోబెట్టడానికే అని ఎవరో అన్న మాట మొదటి వారమే చెవిన పడింది. ఇక ఎవరి కంటా ఖాళీగా పడకూడదని ఒట్టు పెట్టుకున్నాను. నాకంటూ ఒక సీటు ఉండేది గాని, దాన్ని నాకంటే నా సంచే ఎక్కువ వాడుకుంది. ఆఖరి ఊళ్లో బస్సు ఇరవై నిమిషాలు ఆగేది. ఆ కాసేపట్లో బస్సు ఊడ్చేదాన్ని, కిటికీ కమ్మీలు తుడిచేదాన్ని, అవీ అయిపోతే సాయంత్రం కూరకు చిక్కుడుకాయలు ఒలిచేదాన్ని. విరామం అంటే నాకు తెలిసింది బళ్లో వాచకం చదువుతూ కామా దగ్గర ఆగడమే. అదీ అయ్యవారు బెత్తం చూపిస్తేనే.

దావీదన్న బస్సు నీడలో తువ్వాలు పరిచి కూర్చునేవాడు. నిద్రపోడు, బీడీ ముట్టించడు, ఎవరితోనూ ముచ్చట పెట్టడు. రెండు చేతులూ మోకాళ్ల మీద వెల్లకిలా పెట్టుకుని ఉండేవాడు. గడియారం చూడడు, ఇంజిను టిక్కుమనడం మానాకే లేచేవాడు. ఏం చేస్తున్నావన్నా అని ఒకరోజు అడిగాను.

"ఊరికే ఉండాను."

"ఊరికే ఉంటే జనం ఏమన్నా అనుకోరా?"

"అనుకుంటారు. వాళ్లకూ ఏదో ఒక పని ఉండాల గదా."

అప్పటికే సాయంత్రమయ్యేసరికి నాకు తల పగిలిపోతుండేది. బీపీ ఎక్కువగా ఉందని, ఇట్లాగే పరుగెత్తితే నిలబడి చేసే ఈ ఉద్యోగం ఎక్కువ రోజులు చేయలేనని డాక్టరమ్మ చెప్పింది. ఇంట్లో ఇద్దరు పిల్లలు, నా జీతమే ఆధారం. కూర్చుంటే ఉద్యోగం పోతుందని నా భయం, కూర్చోకపోతే పోతుందని ఆమె మాట. దావీదన్నకు చెప్పుకున్నాను. ఆయన తువ్వాలు మీద కొంచెం జరిగి చోటిచ్చాడు. నేను చీపురు అందుకున్నాను.

ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం తర్లుపాడు రైలు గేటు పడి బాగా ఆలస్యమైంది. ఆఖరి ఊళ్లో జనం ఎక్కి కూర్చుని గొణగడం మొదలుపెట్టారు. ఏందమ్మా, ఆయన అట్ల కూర్చుంటే నువ్వన్నా చెప్పగూడదా అని ఒక పెద్దాయన అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంజిను ఇంకా టిక్కుమంటూనే ఉంది. తాడు లాగి రెండుసార్లు బెల్లు కొట్టాను. దావీదన్న నావైపు ఒకసారి చూసి, తువ్వాలు దులుపుకుని ఎక్కాడు.

రెండు కిలోమీటర్లు పోలేదు. మలుపు తిరిగేసరికి రోడ్డు నిండా మేకలు, వాటి వెనక ఒక ముసలాయన. బ్రేకు ఒక క్షణం ఆలస్యంగా పడింది. బస్సు కీచుమంటూ జారి ఆగేసరికి ముసలాయనకూ బంపరుకూ మధ్య జానెడు కూడా లేదు. ఆయన మమ్మల్ని కాదు, మేకల్ని తిట్టి, రోడ్డు పక్కకు పోయి కూలబడ్డాడు.

దావీదన్న ఇంజిను ఆపి దిగాడు. ముసలాయన ఒళ్లంతా తడిమి చూసి, దెబ్బ తగల్లేదని తేలాక ఆయన పక్కనే మట్టిలో కూర్చుని నన్ను పిలిచాడు. తప్పు నాదేనని, బెల్లు కొట్టింది నేనేనని ఏడుస్తూ చెప్పాను.

"కొట్టింది నువ్వు. లేచింది నేను. కండ్లు మండుతుండాయని తెలిసి గూడా లేచినా, నలుగురూ ఏమనుకుంటారో అని. నాకూ సిగ్గేసింది చెల్లెమ్మా. ఇంక సిగ్గుపడను. కూర్చో."

"అందరూ చూస్తుండారన్నా."

"చూడనీ. చేతులు ఖాళీగా పెట్టు."

కూర్చున్నాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎవరివో చేతుల్లాగా ఒళ్లో పడి ఉన్నాయి. కాసేపటికి ఇంజిను చప్పుడు వినిపించసాగింది. ఇందాక గొణిగిన పెద్దాయనే దిగివచ్చి మా పక్కన చతికిలబడ్డాడు. బస్సు ఆపమని రోజుకు వందసార్లు హోల్డాన్ అని అరిచేదాన్ని, ఆ మాట నాకు నేను ఒక్కసారీ చెప్పుకోలేదని ఆ మట్టిలో కూర్చున్నప్పుడు తట్టింది.

ఆ రోజు నుంచి తువ్వాలులో సగం నాది. బీపీ మాత్రలు మానలేదు గాని సాయంత్రం తలనొప్పి తగ్గుతూ వచ్చింది. రిటైరయ్యేదాకా అదే బస్సులో నిలబడి పనిచేశాను.

నాకంటే ముందు రిటైరైన దావీదన్న మూడేళ్లకే పోయాడు. సమాధి చేసి వచ్చాక వాళ్లింటి నిండా జనం. నేను గ్లాసులు కడుగుతూ, అందరికీ నీళ్లందిస్తూ తిరుగుతున్నాను. ఆగితే ఏమవుతానో నాకు తెలుసు. ఆయన భార్య వచ్చి నా చేతిలో గ్లాసు తీసి పక్కన పెట్టింది.

"ఆ పాపకు పని ఎవరూ నేర్పబళ్లేదు, కూర్చునేదే నేర్పాల్సొచ్చింది అని మీ అన్న చెప్తుండె. కూర్చోమ్మా. ఏడుపొస్తే రానీ."

ఆమె పక్కన కూర్చున్నాను. ఖాళీ చేతులతో ఏడ్చింది ఆ ఒక్కసారే.

ఇవాళ కూడా వ్యాను వచ్చి ఆగింది. పొయ్యి కట్టేసి అరుగు మీద కూర్చున్నాను. కోడలు ఒక చేత్తో దువ్వెన, ఒక చేత్తో పిల్లవాడి టిఫిను డబ్బాతో గడపలోకి వచ్చి, కణతలు నొక్కుకోబోయి, రెండు చేతులూ ఖాళీ లేక అట్లాగే నిలబడింది. ఏం చేస్తున్నావత్తా అని అడిగింది.

ఊరికే ఉన్నానని చెప్పి కొంచెం జరిగాను. ఇంజిను ఇంకా చల్లారలేదు.