దుబాయ్‌లో మోగిన రెండో డోసు

సమస్త ప్రయాణికులకు తెలియజేయునది ఏమనగా, ఇచ్చోడలో ఎక్కిన బస్సులో కిటికీ సీటు వయసులో పెద్దవారికే చెందును. చిన్నవారు ఎంత ఏడుపు ముఖం పెట్టినా ఈ చట్టం మారదు. అందుకే పొద్దున ఐదున్నర బస్సులో కిటికీ పక్కన నేను, ఇవతల మా చెల్లెలు లక్ష్మి.

పని కరీంనగర్‌లో. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే టీకా పెద్ద వయసు ఆడవాళ్లకు మూడు డోసులు కావాలా, తక్కువైనా సరిపోతుందా అని అక్కడొక ఆసుపత్రిలో పరిశోధన జరుగుతోంది. మా అవ్వ ఆ జబ్బుతోనే పోయింది కాబట్టి లక్ష్మి పేరిచ్చింది. మొదటి డోసు పడింది, రెండోదానికి నెల ఆలస్యమైంది. తప్పు తనదే. ఫారంలో ఫోన్ నంబరు అడిగితే ఇంటాయనది రాసింది. ఇంటాయన దుబాయ్‌లో ఉన్నాడు. మా వైపు గ్యాస్ బుక్కు నుంచి బడి ఫారం దాకా అంతే, మొగుడు ఏ ఎడారిలో ఉన్నా కాగితం మీద నంబరు ఆయనదే.

నిర్మల్‌కు గంటంబావు. ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే సున్నా టికెట్. బస్టాండులో ఇడ్లీ ముప్పై రూపాయలు, చట్నీ మాత్రం నీళ్లకు చుట్టం. లక్ష్మి ముట్టలేదు. పేరు కొట్టేస్తారనో, మళ్లీ మొదటి నుంచి వేసుకోమంటారనో దాని భయం. ఆలస్యంగా వచ్చినవాళ్లకు రెండు చేతులకూ పొడుస్తారట అన్నాను.

"అవ్వను యాది చేసుకొని నవ్వు అక్కా, నవ్వొస్తదేమో చూస్త" అంది.

జగిత్యాల మీదుగా పోయే కరీంనగర్ బస్సులో కిటికీ సీటు దానికే ఇచ్చాను. నా చట్టం నేనే మీరాను. దిగాక ఆటోకు అరవై. పేషెంటు ఎవరని డ్రైవరు అడిగితే ఫారంలో నంబరు ప్రకారం దుబాయ్‌లో ఉన్నాడని చెప్పాను.

నర్సమ్మ రిజిస్టరు తిప్పింది. "మూడుసార్లు ఫోన్ చేసినమమ్మా. ఎవలో మొగాయన లోన్ వద్దని కట్ చేసిండు."

"మా ఆయనే మేడం. మోసం ఫోన్ అనుకున్నడు" అంది లక్ష్మి. "మల్ల మొదటికెల్లి వేసుకోవాల్నా?"

నర్సమ్మ లోపలికి పోయి డాక్టరును అడిగి వచ్చింది. "గట్లేం లేదు, ఫికర్ చేయకు. ఆలస్యమైందని రాసుకుంటం, మిగిలిన డోసు ఏస్తం. ఈ పరిశోధనల కొందరికి మూడు, నీ గుంపుకు రెండే. ఇగ రక్త పరీక్షలకు వస్తే చాలు."

సూది నిమిషం పని. దాని కోసం ఇచ్చోడ ఆడమనిషి ఒక రోజంతా పత్తి చేను విడిచి రావాలి. తక్కువ డోసులు చాలునో లేదో తేలడానికి ఇంకా ఏళ్లు పడుతుందట. చాలునని తేలితే ఎందరికో ఒక ప్రయాణం మిగులుతుంది. తిరుగు బస్సులో ఆకలి తెలిసింది, నిద్ర కూడా పట్టింది. మీరూ ఇలాంటి చోట పేరిస్తే మీ చేతిలో ఉండే ఫోన్ నంబరే రాయండి.

ఇందులో ఒక్కటి అబద్ధం. నాకు చెల్లెళ్లు లేరు. ఆ రోజు ఒక్కదాన్నే పోయాను, సూది పడింది నాకే.