కథకెక్కిన గెంపచి

కిసాబురో ఇరవై తొమ్మిదో ఏట ఇంటికప్పు మీంచి జారిపడ్డాడు. కుడికాలు మళ్ళీ సరిగా నిలవలేదు. వడ్రంగిపని అంతటితో సరి. పడకమీదున్న ఆర్నెల్లూ అద్దెకు తెప్పించుకున్న యుద్ధకథల పుస్తకాలు చదివాడు. లేచాక అసాకుసా గుడి వెనక వెదురుపందిరి కింద చిన్న బల్ల వేసుకుని, దానిమీద విసనకర్రతో కొడుతూ సమురాయిల కథలు చెప్పడం మొదలుపెట్టాడు.

జనం అడిగి మరీ చెప్పించుకునేది కొండకోట ముట్టడి. ఏడుగురు వీరులు కోటద్వారం దగ్గర పోరాడి ప్రాణాలు విడుస్తారు. ఎనిమిదోవాడు నిరసాకి గెంపచి గోడ దూకి పారిపోతాడు. ముళ్ళకంపకి బట్ట తగులుకుంటే శత్రువే పట్టుకున్నాడనుకుని, "తప్పయిపోయింది బాబోయ్, వదిలెయ్యండి!" అని దండాలు పెడతాడు. అక్కడ పందిరంతా ఒకటే నవ్వులు. ఆ దండాల ముక్క ఏ పుస్తకంలోనూ లేదు, కిసాబురో కల్పించిందే.

ఊరవేసిన ముల్లంగి అమ్మే ముసలావిడ ఒషిగె రోజూ వచ్చి వెనక కూర్చునేది. ఎప్పుడూ నవ్వేది కాదు. వానకు జనం రాని ఒక మధ్యాహ్నం అతనే అడిగాడు.

"ఏం అవ్వా, నా కథ అంత చప్పగా ఉంటుందా?"

"బాగానే చెప్తావు నాయనా. ఆ గెంపచి మా తాత."

కిసాబురో విసనకర్ర బల్లమీద పెట్టేశాడు. "నిజంగానే పారిపోయాడా?"

"పారిపోయాడు. లేకపోతే మా నాన్న పుట్టేవాడా, నేనుండేదాన్నా? పల్లెలో పొలం చేసుకుని బతికాడు. పొద్దున్నే ఆ ఏడుగురి పేర్లూ పైకి చదివేవాడు. వరస తప్పితే మళ్ళీ మొదటినుంచీ."

"రేపట్నుంచి ఆయన పేరెత్తను అవ్వా. ఇంకేదో పేరు పెడతాను."

ఒషిగెకి కోపం వచ్చింది. "నీ మొహం! మా వంశంలో కథకెక్కింది ఆయనొక్కడే. ఆ పేరు తీసేస్తే నేనిక్కడికి ఎందుకు రావాలి?"

మర్నాడు ముళ్ళకంప దగ్గరికొచ్చేసరికి అతనికి ఆ దండాలు పెట్టబుద్ధి కాలేదు. గెంపచి పొలం గురించీ, పొద్దుటి పేర్ల గురించీ చెప్పాడు.

"ఏమయ్యా, దండాలేవీ? నేనొచ్చిందే వాటికోసం!" అని చేపలు మోసే మనిషొకడు అరిచి లేచిపోయాడు. నెల తిరిగేసరికి సగంమంది పక్కపందిరిలో కథలు చెప్పేవాడి దగ్గరికి మళ్ళారు. ఉన్నవాళ్ళు మాత్రం కదలకుండా వినేవారు. కిసాబురో పాతపద్ధతికి మళ్ళలేదు.

ఒకరోజు ఒషిగె అతని పక్కకొచ్చి గొణిగింది. "మా తాత మరీ అంత మంచోడేం కాదులే. తాగొస్తే మా నాన్నమ్మని నానా తిట్లూ తిట్టేవాడు."

"అదీ చెప్పమంటావా?"

"చెప్పు మరి," అని ఆవిడ పకపకా నవ్వింది.