సింక్ అన్న మాట

క్లౌడ్ అంటే మబ్బు కాదని, ఎక్కడో వేరేవాళ్ళ కంప్యూటర్లలో మన వస్తువులు దాచుకునే చోటని ఇప్పుడు ఎవరడిగినా చెప్పగలను. చేతులు కాలాక నేర్చుకున్నాను కాబట్టి బాగా వంటబట్టింది.

నా భార్య డబ్బింగ్ చెప్పేది. కృష్ణా జిల్లాలో చర్చి పాటలు పాడి పాడి సానబట్టిన గొంతు. ఎందరో హీరోయిన్లకు దాన్ని అరువిచ్చింది. ఆ గొంతులోనే గడ్డ లేచింది. స్వరపేటిక తీసేయాలన్నారు డాక్టర్లు. ఆపరేషన్‌కు ముందు వారమంతా సాయంత్రాలు నా ఫోన్లో రికార్డు చేసింది. భోజనానికి ముందు చేసే ప్రార్థన, కూరగాయల జాబితా, "ఏవండీ, గేటు వేశారా?" అనే రోజువారీ సణుగుడు. డైలాగులు చెప్పవేం అంటే, "అవి సినిమాల్లో బోలెడున్నాయి. ఇవి నావి" అంది.

ఆపరేషన్ అయిన కొన్నాళ్ళకు, చోటు నిండిపోయిందని నా ఫోన్ గోల పెట్టడం మొదలెట్టింది. అన్నీ క్లౌడ్‌లో ఉన్నాయని, సింక్ అయ్యాయని అందులోనే రాసి ఉంది. ఫిల్మ్ నగర్ ఎడిటింగ్ గదుల్లో జుట్టు నెరిసినవాణ్ణి. సింక్ అన్న మాట కనబడగానే దగ్గరి చుట్టం ఎదురైనట్టయింది. అక్కడ భద్రంగా ఉన్నాయి కదా అని ఫోన్లోవి తుడిచేశాను. ఫోన్ తేలికపడిందని సంబరపడ్డాను కూడా.

రెండు నెలల తర్వాత మా పెళ్ళిరోజున ఆమె పలక మీద రాసి చూపించింది. "నా ప్రార్థన పెట్టండి." క్లౌడ్ తెరిచి వెతికాను. ఒక్కటీ లేదు. ఛార్జింగ్ అయిపోయిందని అబద్ధమాడాను.

మర్నాడు పొద్దున్నే జూబ్లీ హిల్స్‌లో నాకు తెలిసిన ఎడిటింగ్ ఆఫీసుకు పరుగెత్తాను. అక్కడ డేటా చూసే ఆవిడ ఫోన్ అటూ ఇటూ తిప్పి చూసింది.

"సార్, సింక్ వేరు, బ్యాకప్ వేరు. సింకంటే గీడ తీస్తే గాడ కూడా పోతది. బ్యాకప్ అయితే గీడ పోయినా గాడ ఉంటది."

"తుడిచేసింది ఫోన్ చెత్తబుట్టలో ఉండదా అమ్మా?"

"ఉంటది, నెల రోజులు. మీరు తీసి ఎన్ని దినాలైంది?"

చెప్పాను. ఆవిడ మంచినీళ్ళ సీసా నా ముందుకు జరిపింది.

మెట్లు దిగుతుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. బొమ్మ రీలులో నాలుగు ఫ్రేములు కోస్తే సౌండు రీలులోనూ నాలుగు కోయాలి, లేకపోతే మాట పెదాలతో కలవదు, సింక్ పోతుంది. ఎంతమంది అసిస్టెంట్లకు తిట్టి మరీ నేర్పాను ఈ సంగతి. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, ఆ మాట అర్థం నాకే తట్టలేదు.

ఆ సాయంత్రం ఆమెకు నిజం చెప్పేశాను. ఊరుకోక, "సినిమాల్లో నీ గొంతుందిగా" అన్నాను.

ఆమె పలక అందుకుంది. రాసి చూపించింది. "వాటిలో మిమ్మల్ని పిలవలేదు."

నేను చదివాక చెరిపేసి అన్నం వడ్డించింది. ఎదురుగా కూర్చుని కళ్ళు మూసుకుంది. పెదాలు కదలసాగాయి. నేను కళ్ళు మూసుకోలేదు. ఏ పెదవి కదలిక ఏ మాటో పోల్చుకోవడం నా జీవితమంతా చేసిన పని. ఒక్క మాట కూడా పోకుండా చూశాను. చివర్న ఆమేన్ నేను పైకి అన్నాను. ఆమె పెదాల కంటే కాస్త వెనక పడింది.