మా మేనత్తకు కళ్లు కనబడని మధ్యాహ్నం

ఎనభైల మొదట్లో హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక కొత్త హోటల్ తెరిచారు. లోపల ఏసీ, పట్టపగలే మసక వెలుతురు, కూర్చుంటే లేవబుద్ధి కాని మెత్తటి కుర్చీలు. అక్కడ ఎవరిది వాళ్లకు వడ్డించరు. తెప్పించినవన్నీ బల్ల మధ్యలో పెడతారు, అందరూ అందులోంచే తీసుకుని తింటారు. ఎంతసేపు కూర్చున్నా లేవమనేవాళ్లు లేరు. మా ఆఫీసులో ఆ హోటల్ ముచ్చట రాని రోజు లేదు, వెళ్లొచ్చినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

నేనప్పుడు కొత్తగా చేరిన గుమాస్తాను. ములుగు అవతలి పల్లె నుంచి మా మేనత్త నన్ను చూడ్డానికి వచ్చింది. పదిమందికి వండిపెట్టి, అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది తిని బతికిన మనిషి. ఆమెను ఆ హోటల్‌కు తీసుకెళ్లాలని బుద్ధి పుట్టింది. దానికి సగం రోజు సెలవు కావాలి. మా ఆఫీసరు సెలవు మాటెత్తితేనే ముఖం చిట్లిస్తాడు. అందుకని, మా మేనత్తకు రెండు కళ్లూ కనబడటం లేదు, దవాఖానకు తీసుకెళ్లాలి అని రాసిచ్చాను. నిజానికి ఆమె దీపం వెలుతురులో కూడా సూదిలో దారం ఒక్కసారికే ఎక్కిస్తుంది.

ఆయన సంతకం పెట్టి, "నేను గూడ ఇప్పుడే ములుగుకు ఇన్‌స్పెక్షన్ పోతున్న," అన్నాడు. జీపు గేటు దాటడం చూశాకే నేను కదిలాను. గదికెళ్లి అత్తను ఎక్కించుకుని, రిక్షాలో ఇదంతా చెప్పాను. హోటల్ వచ్చేదాకా ఆమె నవ్వు ఆగలేదు.

లోపల ఆమె కుర్చీలోనే మఠం వేసుకుని కూర్చుంది. బగారన్నం, ఖీమా, చేపల వేపుడు వచ్చాయి. అలవాటు కొద్దీ నా ప్లేటు నింపి చేతులు ముడుచుకుంది.

"నువ్వు తిను అల్లుడా. నేను ఎనుక తింట."

"ఈడ ఎనుక ముందు లేదత్తా. అందరం ఒక్కసారే."

ఆమె ముడుచుకున్న చేతులు విప్పింది. తర్వాత చేప ముక్కల్లో అన్నిటికన్నా పెద్దది వెతికి తీసుకుంది.

అప్పుడు పక్క బల్ల దగ్గర ఎవరో దగ్గారు. రోజూ వినే దగ్గు. తల తిప్పితే మా ఆఫీసరు, పక్కన ఆయన భార్య. ఆయనా నన్ను చూశాడు. ఇద్దరి చేతుల్లో ముద్దలూ అక్కడే ఆగిపోయాయి.

"అత్తా, మా సారు," అని గొణిగాను.

ఆమె క్షణం కూడా ఆలోచించలేదు. కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుని, రెండో చెయ్యి గాల్లో తడుముతూ, "అల్లుడా, ఏడున్నవ్‌రా? డాక్టరు మందేసినంక ఇంకింత కానత్తలేదు," అంది. ఆ చెయ్యి రెండు బల్లల మధ్య సందు దాటి, సరాసరి మా ఆఫీసరు ముందున్న కోడి ప్లేటులోకి దిగి, ఉన్న రెండు కాళ్లలో పెద్దదాన్ని పట్టుకుంది. చూపు ఆనని మనిషి చెయ్యి అంత గురిగా వెళ్లడం నేనెక్కడా చూడలేదు.

"అమ్మా, అది మాది," అన్నాడాయన.

"మీదా? అయ్యో బిడ్డా, కండ్లు ఆనక ఆగమైతి!" అప్పటికే ఒక కొరుకు కొరికింది.

ఆయన భార్య జాలిపడింది. "పోనియ్యండి పెద్దమ్మా, తినుండ్రి. దవాఖానల ఏమన్నరు?"

"ఏమంటరు తల్లీ, మందేసిండ్రు. మా అల్లుని సారు మంచోడట, అడగంగనే పంపిండట. పాపం, గా సారు ఇయ్యాల ఎండలవడి ములుగుల పని చేత్తాండట. ఇంత తిన్నడో, లేదో!"

ఆ ఇల్లాలి చూపు ఒకసారి నా మీద, ఒకసారి భర్త మీద తిరిగింది. పెదాలు బిగబట్టింది కానీ ఎంతోసేపు ఆగలేకపోయింది. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. ఆరోజు వాళ్ల పెళ్లిరోజని, ఎన్నాళ్లుగానో అడిగితే ఇప్పటికి తీసుకొచ్చాడని చెప్పింది. "ఇట్ల జరగండి, బల్లలు కలుపుదాం," అని తనే కుర్చీ లాగింది.

మా ఖీమా అటు వెళ్లింది, వాళ్ల కోడి ఇటు వచ్చింది. ఆఫీసరు మొదట నీళ్లే తాగుతూ కూర్చున్నాడు గానీ, చేపల వేపుడు దగ్గరకు రాగానే మెత్తబడ్డాడు. ఫ్రూట్ సలాడ్ తెచ్చేసరికి అత్తకు చూపు పూర్తిగా తిరిగొచ్చింది. అందులో చెర్రీ ఒక్కటే ఉందని మా అందరికన్నా ముందు కనిపెట్టింది ఆమే.

"ఇప్పుడు కనబడుతుందా పెద్దమ్మా?" అన్నాడాయన కొంచెం కచ్చగా.

"జర జర కానత్తాంది. నీ మొకం మంచిగనే ఉంది సారూ, మావోడు చెప్పినట్టు లేదు."

నేను బల్ల కిందికి దూరితే బాగుండుననుకున్నాను. ఆయన మాత్రం మొదటిసారి నా ముందు నవ్వాడు.

వెళ్లేముందు ఆడవాళ్లిద్దరూ ఏవో మాట్లాడుకున్నారు. అదేమిటో మేడారం జాతరప్పుడు తెలిసింది. జాతరకు దగ్గరని ఆఫీసరు, భార్యతో సహా, మా అత్త ఇంట్లో దిగాడు, మూడు రోజులున్నాడు. అమ్మవార్లకు మొక్కిన బెల్లం నెత్తిన పెట్టుకుని ఆయన నడుస్తుంటే, ముందు మా అత్త మోచేతులతో జనాన్ని తోస్తూ, "జరుగుండ్రి, మా సారుకు తొవ్వియ్యుండ్రి!" అని అరుస్తూ పోయింది.