కల్బాలో కాంట్రా డాన్స్ నేర్పబోయిన ఆదివారం

కాంట్రా డాన్స్ పిచ్చి నాకు అంటించింది మా ఆసుపత్రిలో పనిచేసే ఒక అమెరికా ఆవిడ. రెండు వరుసలు ఎదురెదురుగా నిలబడతాయి. పక్కన ఒకరు ‘చేతులు కలపండి, తిరగండి, దాటండి’ అని చెబుతుంటే అందరూ పాటకు తగ్గట్టు ఆడతారు. ఒక విడత అయ్యేసరికి ప్రతి జంటా ఒక చోటు జరిగి కొత్త జంటకు ఎదురుపడుతుంది. కోలాటం వేసినవాళ్ళకి ఇట్టే పట్టుబడుతుంది కాబట్టి, ఆ దరువు మీద నేనే ఒక ఆట కూర్చాను. ఎమిరేట్స్ తూర్పు తీరాన ఉన్న కల్బాలో తెలుగువాళ్ళ వేడుక పెడుతున్న కాంట్రాక్టరు రమణగారు దాన్ని నేర్పమని అడగగానే నా నర్సు డ్యూటీలు మార్చుకుని మరీ బయల్దేరాను.

నేనుండే దుబాయ్ ఇంటర్నేషనల్ సిటీ నుంచి ముందు యూనియన్ స్టేషన్‌కి చేరుకోవాలి. అక్కడ ఫుజైరా బస్సు దొరుకుతుంది. టికెట్ పాతిక దిర్హాములు, ప్రయాణం రెండు గంటల పైమాటే. కొండలు మొదలయ్యాక కిటికీ పక్క సీటు విలువ తెలుస్తుంది. ఫుజైరాలో టాక్సీ ఎక్కి, డాన్స్ నేర్పడానికి కల్బా వెళుతున్నానంటే పెషావర్ డ్రైవరు పెద్దగా నవ్వాడు. “ఇత్‌నీ దూర్? సిర్ఫ్ నాచ్ కే లియే?” ఇంత దూరం ఉత్త డాన్స్ కోసమా అని.

కల్బాలో ఒక హోటలు పైనున్న హాల్లో ఇరవై మందికి పైగా ఆడవాళ్ళు ఎదురుచూస్తున్నారు. నర్సులు, షాపులవాళ్ళ ఇల్లాళ్ళు, ఇళ్ళల్లో పనిచేసే గోదావరి జిల్లాల వాళ్ళు. రాజోలు వైపు నుంచి వచ్చిన సత్యవతిగారు ఒక అరబ్బు ఇంట్లో వంట చేస్తారు. తప్పు అడుగు వేసినప్పుడల్లా “ఆయ్, మళ్ళీ సెప్పండమ్మా!” అని అందరికన్నా ముందు అడిగేది ఆవిడే. భోజనాల వేళకి వరుసలు చక్కగా కదులుతున్నాయి. ఎవరి చెయ్యి ఎవరు పట్టుకున్నారో ఎవరికీ పట్టలేదు.

రమణగారికి పట్టింది. నన్ను గుమ్మం దగ్గరికి పిలిచారు.

“మేడమ్, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళని చివర్న పెట్టండి. ముందు స్పాన్సర్ల ఫ్యామిలీలు ఉండాలి.”

“ఇందులో చివరంటూ ఉండదండీ. అందరూ జరుగుతూనే ఉంటారు.”

“అయితే వాళ్ళకి వేరే వరుస వేసెయ్యండి. చేతులవీ పట్టుకోవాలంటే మావాళ్ళు ఫీలవుతున్నారు.”

ఆ ‘మావాళ్ళ’ పిల్లలకి అన్నం కలిపి పెట్టేది ఎవరి చేతులు? “వేరే వరుస నేను వెయ్యను,” అన్నాను. గొంతు అనుకున్నదానికన్నా పెద్దగానే లేచింది. ఆడుతున్న వరుసలు ఆగిపోయాయి.

సత్యవతిగారు ముందుకొచ్చారు. “ఏటండీ రమణగారూ, మా సెయ్యి కూర వండటానికి పనికొత్తాది, పట్టుకోటానికి పనికిరాదా?”

ఆయన ఆవిడ వైపు చూడను కూడా లేదు. “ఖలాస్ మేడమ్. మీ ఐటమ్ లేదు,” అని స్పీకర్ పీకించి తీసుకుపోయారు. ఆయన వెనకే నలుగురు ఇల్లాళ్ళు బ్యాగులు సర్దుకుని వెళ్ళిపోయారు. అప్పటిదాకా సత్యవతిగారికి జంటగా ఆడిన మాధవి గుమ్మంలో కాసేపు ఆగింది. నేను ఆశపడ్డాను. ఆమె కూడా వెళ్ళిపోయింది.

“యల్లా, కానివ్వండి, చప్పట్లు కొట్టండి. నేను చెబుతాను,” అన్నాను. ఖాళీ అయిన చోట నేనే సత్యవతిగారి ఎదురుగా నిలబడ్డాను. హోటలువాళ్ళు హాలు ఖాళీ చెయ్యమనేదాకా ఆడాం.

ఆ ఆట స్టేజీ ఎక్కలేదు. తిరుగు బస్సులో కొండలు ఎటు పోయాయో నేను చూడలేదు. ఊరుగాని ఊర్లో, ఎండా, ఆకామా అనే నివాస పర్మిటూ అందరికీ ఒకటే అయిన చోట కూడా మనవాళ్ళు మనవాళ్ళ మధ్యే గీత గీసుకుంటారని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆసుపత్రిలో నొప్పితో ఉన్న మనిషి నా చెయ్యి పట్టుకునేముందు నా ఊరూ కులమూ అడగడు.

మీరూ ఇలా ఎక్కడికైనా నేర్పడానికి వెళుతుంటే ఒక్క మాట. హాలెంత, స్పీకరుందా అని తర్వాత అడగొచ్చు. ఎవరి పక్కన ఎవరు నిలబడకూడదంటారో ముందే అడగండి. జవాబుగా ఒక్క పేరు వినబడినా టికెట్ కొనకండి.