పచ్చదీపం

బట్టలు కుట్టే అక్కది ఒంటరి బతుకు, పైగా మూర్ఛ జబ్బు. పొద్దున్నే ముఖం కడుక్కోగానే, చెయ్యి తుడుచుకుని ఫోన్‌లో ‘బాగున్నాను’ మీట నొక్కేది. పచ్చదీపం వెలిగేది. మరిచిపోతే, ఒంటరివాళ్ళ క్షేమం కనుక్కునే ఆ సేవ నడిపే కంపెనీ అమ్మాయి ఫోన్ చేసి, “లేచారా అక్కా?” అనేది.

కిందటి నెల ఆ కంపెనీ సేవ ఆపేసింది. “ఇక రోజూ నాకే ఫోన్ చెయ్యక్కా,” అన్నాడు తమ్ముడు.

“నువ్వు లేచేసరికి నా పని అయిపోతుందిరా,” అంది, నోట్లోని గుండుసూదులు తియ్యకుండానే.

విచిత్రం, మీట నొక్కితే పచ్చదీపం ఇంకా వెలుగుతూనే ఉంది. ఎవరో చూస్తూనే ఉన్నారనుకుంది. ఇవాళ కావాలనే నొక్కలేదు. ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గదిలో చీకటి పడినా అది ఉలకలేదు, పలకలేదు. చివరికి తనే నొక్కింది. “సంతోషం! రేపు కలుద్దాం,” అంటూ ఎప్పటిలాగే పచ్చగా వెలిగింది.

పడుకోబోయే ముందు, ఎన్నడూ లేనిది, ఎవరైనా తోస్తే తెరుచుకునేలా వీధి తలుపు గడియ తీసిపెట్టింది.